మ, ప పలకని రోజులు

2011 సెప్టెంబరు. వినాయక చవితి వెళ్ళిన మూడో రోజు పొద్దున పళ్ళు తోముకుని నోట్లో నీళ్ళు పోసుకుంటే, పుక్కిలించేలోపే అవి ఎడమ పక్క నుంచి ధారగా కారిపోయాయి. బనీను తడిసింది. నిద్రమత్తు వదల్లేదేమోనని ఇంకోసారి పోసుకున్నాను. మళ్ళీ అంతే. అప్పుడు అద్దంలోకి చూశాను. కుడివైపు నేనే ఉన్నాను. ఎడమవైపు మాత్రం ఎవరో తెలియని పెద్దమనిషి, బుగ్గ జారిపోయి, రెప్ప వేయకుండా నన్నే చూస్తున్నాడు.

"వర్ధనీ" అని పిలవబోయాను. మా ఆవిడ పేరులో మొదటి అక్షరం దగ్గరే గాలి బయటికి పోయింది.

వర్ధని కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. దేనికీ కంగారు పడే మనిషి కాదు. వచ్చి నా ముఖం చూసి, "ఏవండీ, రెండు చేతులూ పైకెత్తండి" అంది. ఎత్తాను. "కాళ్ళు?" ఒకదాని తరువాత ఒకటి ఎత్తి చూపించాను. అన్నీ బాగానే లేచాయి. అప్పుడు బాత్రూమ్ గడప మీద కూలబడి ఏడ్చింది. "పక్షవాతం అనుకున్నానండీ" అంది, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

నాకప్పుడు యాభై రెండేళ్ళు. వేణువు నా వృత్తి. విజయవాడలో నేర్చుకుని, పాతికేళ్ళప్పుడు ఈ ఊరొచ్చాను. రేడియోలో కచేరీలు చేశాను. కూచిపూడి బృందాల వెనక కూర్చుని ఎన్ని ఊళ్ళు తిరిగానో లెక్కలేదు. పెద్ద పేరు రాలేదు కానీ వాయించని రోజు కూడా లేదు. చివరికి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక మేడపైన గదిలో క్లాసు పెట్టుకుని స్థిరపడ్డాను. ఆ మేడ నిండా కంప్యూటర్ కోచింగులే. వాళ్ళ బోర్డుల మధ్య నా బోర్డు ఇరుక్కుపోయి ఉండేది. మెట్లెక్కి వచ్చిన కుర్రాళ్ళు "ఫ్లూట్ కోర్సు ఎన్ని నెలలు సార్? సర్టిఫికెట్ ఇస్తారా?" అని అడిగేవాళ్ళు. "నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఇంకా సర్టిఫికెట్ రాలేదు" అనేవాణ్ణి. సగం మంది అక్కణ్ణించే దిగిపోయేవాళ్ళు. మిగిలిన సగమే నా శిష్యులు.

ఎల్బీనగర్‌లో తెలిసిన ఆసుపత్రికి ఆటోలో వెళ్ళాం. హాలు నిండా జనం. గోడ మీది టీవీలో ప్రత్యేక రాష్ట్రం కోసం జరగబోయే సమ్మె వార్తలు. ఆఫీసులు ఎప్పటి నుంచి మూస్తారు, బస్సులు ఎప్పుడు ఆపేస్తారు అని అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు. నేను మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని తల వంచుకుని కూర్చున్నాను. పక్కనున్న పంచె పెద్దాయన "ఏమైంది సారూ, పంటి నొప్పా?" అని అడిగాడు. జవాబు చెప్పలేక రుమాలు తీశాను. ఆయన ఒక్క క్షణం చూసి, తన చేతిలోని టోకెన్ నా చేతిలో పెట్టి నా టోకెన్ తీసుకున్నాడు.

"నాది మోకాలు నొప్పి. పదేండ్ల సంది ఉన్నదే, ఎక్కడికి పోతది? మీరు ముందు పోండ్రి" అన్నాడు.

ఆ రోజు నాకు ధైర్యం అనేది మొదట వచ్చింది ఆ టోకెన్ రూపంలో.

డాక్టరు నా నుదురు ముడతలు పడేలా చూడమన్నారు, కళ్ళు గట్టిగా మూసుకోమన్నారు, పళ్ళు చూపించమన్నారు. ప్రతిదీ కుడివైపే జరిగింది. చివరికి "ఈల వేయండి" అన్నారు. సైకిల్ ట్యూబులోంచి గాలి పోయిన చప్పుడు వచ్చింది.

"ఇది పక్షవాతం కాదు. మెదడు బాగానే ఉంది. ముఖానికి వచ్చే నరం వాచింది, అంతే. చాలామందికి పూర్తిగా తగ్గిపోతుంది" అంటూ మందులు రాస్తూ, మామూలుగా అడిగారు: "మీరేం చేస్తుంటారు?"

"ఫ్లూట్ వాయిస్తారండీ" అంది వర్ధని.

ఆయన కలం ఆగింది. ఆగి, మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. "కొందరికి కొంచెం మిగిలిపోవచ్చు. మూడు నెలలు చూద్దాం" అన్నారు.

మొదటి పది రోజులు ఎలా గడిచాయో చెబితే ఇప్పుడు నవ్వొస్తుంది. ఎడమ కన్ను మూతపడదు కాబట్టి పడుకునేముందు వర్ధని దానికి ప్లాస్టరు అంటించేది. తిన్నదానికి సగం నాలుక మీదే రుచి తెలిసేది. ఆవకాయ కుడివైపు ఆవకాయ, ఎడమవైపు తడి అట్టముక్క. అన్నిటికంటే విడ్డూరం చెవి. ఎడమ చెవిలో ప్రతి చప్పుడూ రెట్టింపుగా మోగేది. కుక్కర్ కూత వేస్తే నేను మంచం మీంచి లేచి కూర్చునేవాణ్ణి. నిమజ్జనం రోజు మా వీధిలో లారీల మీద వెళ్ళిన డప్పులన్నీ నా తలలోంచే సరూర్‌నగర్ చెరువుకి వెళ్ళాయి.

చూడటానికి వచ్చినవాళ్ళందరికీ కారణం తెలుసు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారని ఒకరు, దిష్టి అని ఒకరు, ఎడమవైపు తిరిగి పడుకుంటారా అని ఒకరు. అందరికీ తల ఊపేవాణ్ణి. తల ఊపడం ఒక్కటే సరిగా చేయగలిగేవాణ్ణి.

తొమ్మిదో రోజు వర్ధని బజారుకి వెళ్ళినప్పుడు, ఉండబట్టలేక వేణువు తీశాను. పెదవికి ఆనించి ఊదాను. గాలి ఎడమ మూల నుంచి పారిపోయింది. వేలితో ఆ మూల నొక్కిపట్టుకుంటే వేణువు పట్టుకోడానికి చెయ్యి చాలలేదు. పది నిమిషాలు అలా పెనుగులాడి, దాన్ని గుడ్డలో చుట్టి బీరువా పైకి ఎక్కించాను. ఆ తరువాత నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ నాలుగు రోజుల్లోనే గుంటూరు నుంచి మా బావమరిది ఫోను. "బావగారూ, అక్కడంతా గొడవలుగా ఉంది. ఈ ఒంటితో అక్కడెందుకు? ఇద్దరూ వచ్చేయండి. ఇక్కడా మంచి డాక్టర్లున్నారు." వర్ధని సూట్‌కేసు దించి నా చొక్కాలు సర్దడం మొదలుపెట్టింది. శిష్యులకి కూడా ఫోన్లు చేసి క్లాసు లేదని చెప్పేసింది. అది తెలిసి నాకు ఒళ్ళు మండింది.

"ఎవరడిగి చెప్పావు?" అని అరిచాను. అరిచిన మాట ముక్కలుముక్కలుగా వచ్చింది, అది విని ఇంకా మండింది. "నేను ఏమీ వాయించలేనని ఊరంతా చెప్పు!"

ఆవిడ చొక్కా మడత ఆపలేదు. "మీ మూతి వంకర పోయినందుకు నాకు భయం లేదండీ" అంది. "మీరు ఆ మూతి మూసుకుని కూర్చున్నారే, అందుకు భయం. నాలుగు రోజులైంది నాతో ఒక మాటాడి. మాట్లాడే మనుషులున్న చోటికి పోదామని సర్దుతున్నాను."

"మాట్లాడితే నువ్వు నవ్వుతావని" అన్నాను. "నవ్వనండీ" అంది. "కాఫీ పెట్టు" అన్నాను. ఫ దగ్గర ఎడమ మూల నుంచి కాస్త తుంపర కూడా వచ్చింది. ఆవిడ నవ్వింది. ఆపుకోలేక చొక్కాలో ముఖం దాచుకుని మరీ నవ్వింది. సూట్‌కేసు సర్దినట్టే తలుపు పక్కన ఉండిపోయింది. తరువాత నా వ్యాయామాల అద్దానికి అదే బల్ల అయింది.

సమ్మె మొదలై స్కూళ్ళు మూతపడ్డాయి. వర్ధనికి సెలవు, పిల్లలకి సెలవు. క్లాసు లేదని చెప్పినా వినకుండా పిల్లలు మా ఇంటికే రావడం మొదలుపెట్టారు. ఇంట్లో ఉంటే అమ్మలు తరిమేస్తున్నారట. వాయించి చూపలేను కాబట్టి పాడి చెబుదామనుకున్నాను. "స రి గ..." అక్కడిదాకా బాగానే ఉంది. తరువాత మ. తరువాత ప. రెండూ పెదవులు కలిస్తేనే పలికే అక్షరాలు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. ఎడమ పెదవి మూల చూపుడువేలితో పైకి ఎత్తిపట్టి "మ... ప..." అని, వేలు తీసేసి "ద ని స" అని ముగించాను.

మర్నాడు చూస్తే, పిల్లలందరూ మ, ప దగ్గరికి రాగానే వేలు బుగ్గకి ఆనించుకుని పాడుతున్నారు. ఎగతాళి కాదు. అది కూడా పాఠంలో భాగమనుకున్నారు. వంటింట్లోంచి వర్ధని ఆ దృశ్యం చూసి లోపలికి పరుగెత్తింది. నేనూ నవ్వాను. ముఖం మీద కుడివైపు మాత్రమే నవ్వింది, కానీ కడుపు నిండా నవ్వాను.

ఆ పిల్లలతో పాటు వచ్చేవాడు నర్సింహ. వయసు నలభై ఐదు. సిటీ బస్సు కండక్టరు. చిట్యాల దగ్గర పల్లె నుంచి వచ్చి నాదర్‌గుల్‌లో ఉంటాడు. మూడేళ్ళ క్రితం ఒకరోజు ఖాకీ చొక్కాతోనే క్లాసు మెట్లెక్కి వచ్చాడు. "సార్, రోజూ పొద్దుమీకి మా బస్సు మీ కిటికీ కింద ట్రాఫిక్‌ల ఆగుతది. మీ పాట సగం ఇంటనే ఉంట, బస్సు కదుల్తది. ఇయ్యాల నాకు ఆఫ్. మిగతాది ఇందామని ఒచ్చిన" అన్నాడు. మోహన రాగంలో వర్ణం అది. మొత్తం వాయించాను. మర్నాటి నుంచి శిష్యుడయ్యాడు.

ఇప్పుడు బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. నర్సింహ సమ్మెలో ఉన్నాడు. పొద్దున ధర్నాకి వెళ్ళి, మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చేవాడు. మొదటిసారి నన్ను చూసినప్పుడు, "గిదేంది సార్ గిట్లయింది? నాకు ఒక్క మాట చెప్పాలె గద!" అని నిజంగానే కోపం చేశాడు.

నేను వాయించలేని ఆ రోజుల్లోనే అతను వాయించిన వర్ణం మొదటి నుంచి చివరి దాకా విన్నాను. అంతకుముందు ఎప్పుడూ వినలేదని అప్పుడే తెలిసింది. శిష్యుడు ఒక స్వరం తప్పితే చాలు, నా వేణువు ఎత్తి "ఇలా" అని వాయించేసేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పానే కానీ, నోరు మూసుకుని వినడం అలవాటు చేసుకోలేదు. ఇప్పుడు గత్యంతరం లేదు. నర్సింహ ఒక చోట తప్పు వాయించి, ఆగి, వెనక్కి వెళ్ళి, తనే సరిచేసుకున్నాడు. నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు.

"మంచిగున్నదా సార్?" అన్నాడు.

"నువ్వు ఇంత బాగా వాయిస్తావని నాకు తెలీదయ్యా" అన్నాను.

"మీరు ఎన్నడు మొత్తం వాయించనిచ్చిన్రు సార్?" అన్నాడు, నవ్వుతూ.

ముఖానికి వ్యాయామాలు చేయించడానికి ఎల్బీనగర్‌లో స్వప్న అనే ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వారానికి మూడుసార్లు వెళ్ళాలి. ఆటోలు ఉన్న రోజు ఉండేవి, లేని రోజు లేవు. నర్సింహ తన స్కూటర్ మీద తీసుకెళ్ళేవాడు. స్వప్నది సూర్యాపేట వైపు. మహా కచ్చితమైన మనిషి. "సార్, నవ్వుండ్రి. గది నవ్వు కాదు, పండ్లు కనపడాలె. మళ్ల ఒక్కసారి" అని అద్దం ముందు కూర్చోబెట్టి వందసార్లు చేయించేది. స్ట్రాతో ఊదడం, కొవ్వొత్తి ఆర్పడం, ఈల వేయడం ఇంటి పని.

ఈల అనగానే నర్సింహ జేబులోంచి తన కండక్టర్ విజిల్ తీశాడు. "బస్సులు నడుస్తలెవ్వు, ఇదేం చేస్తది నా తాన? మీరు ఊదుండ్రి సార్." వేడినీళ్ళలో కడిగి వర్ధని నాకిచ్చింది. మొదటి వారం దాంట్లో గోళీ కూడా కదల్లేదు. రెండో వారం చిన్నగా గురగురమంది. ఒకరోజు ఉన్నట్టుండి గట్టిగా కూత వచ్చింది. కింద రోడ్డు మీద ఒక మోటార్ సైకిలాయన బ్రేకు వేసి, పోలీసు ఎక్కడున్నాడా అని చుట్టూ చూశాడు.

ఒక మధ్యాహ్నం స్వప్న దగ్గరి నుంచి తిరిగొస్తుంటే దారి మధ్యలో రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతున్నారు. ఉద్యమంలో అదొక పద్ధతి, నడిరోడ్డు మీద వంట చేసి అందరికీ పెట్టడం. ఒక యువకుడు స్కూటర్ ఆపాడు. నర్సింహని గుర్తుపట్టి, "అన్నా, ఈ సార్ది ఏ ఊరు?" అని అడిగాడు.

మాది రేపల్లె, ఉద్యమం విడిపోతామంటున్న కోస్తా వైపు ఊరు. ఉన్నదున్నట్టు చెబుదామనే నోరు తెరిచాను. ప పలకలేదు. "రే...అల్లె" అని వచ్చింది.

"ఏదో పల్లె అంటున్నడు. మనోళ్ళే. కూసోండ్రి, తిని పోండ్రి" అన్నాడు ఆ యువకుడు.

నర్సింహ నా వైపు ఒకసారి చూసి స్కూటర్‌కి స్టాండు వేశాడు. కూర్చున్నాను. విస్తరిలో వేడివేడి అన్నం, పప్పు. నాలుగు ముద్దలు తిని చెయ్యి ఆపేశాను. నోటి వంకర వల్ల కాదు. వడ్డిస్తున్న ఒక పెద్దావిడ దగ్గరికి రాగానే వేలు పెదవికి ఆనించి, ఒక్కొక్క అక్షరమే చెప్పాను: "అమ్మా, మాది రే-ప-ల్లె. గుంటూరు జిల్లా."

ఆవిడ గరిటె పట్టుకుని నన్ను చూసింది. "అయితేంది? ఆ జిల్లాల మనుషులకు ఆకలి కాదా?" అంది. ఇంకో గరిటె పప్పు వేసి, నా ముఖం పరీక్షగా చూసి, పక్కన గొంతు కూర్చుంది. "మా ఇంటాయనకు గిట్లనే అయ్యింది. అన్నం కుడిదిక్కు నములు. పరేషాన్ గాకు బిడ్డా, మూన్నెల్లకు ఆయనె నన్ను తిట్టుడు సురు చేసిండు." నర్సింహ పొలమారి దగ్గాడు. నేను ఆ విస్తరి మొత్తం ఖాళీ చేశాను. ఇంటికొచ్చేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

బతుకమ్మ పండగ రోజుల్లో మొదటి కదలిక వచ్చింది. గడ్డం గీసుకుంటుంటే ముక్కు ఎడమ అంచు కొంచెం అదిరింది. వర్ధనిని పిలిచి చూపించబోతే అది మళ్ళీ అదరలేదు. "చూశాను లెండి" అంది. చూడలేదని ఇద్దరికీ తెలుసు. మూడు రోజుల తరువాత నిజంగానే చూసింది. ఆ తరువాత కనుబొమ్మ. ఆ తరువాత కన్ను, ప్లాస్టరు లేకుండా.

దసరా దాటాక కొన్నాళ్ళకి బస్సులు మళ్ళీ నడిచాయి. నర్సింహ ఖాకీ వేసుకుని వచ్చి, తన విజిల్ తను తీసుకుని, "ఒచ్చే నెల డ్యూటీ మార్పించుకుంట, క్లాసు ఆపను" అని వెళ్ళిపోయాడు. వాళ్ళు కోరుకున్నది అప్పటికింకా రాలేదు. అతని ముఖంలో అలసట కనబడింది. కిటికీలోంచి చెయ్యి ఊపాను.

దీపావళి వెళ్ళిన వారానికి బీరువా పైనుంచి వేణువు దించాను. ఎప్పుడూ పెట్టే చోట పెట్టి ఊదితే గాలి మాత్రమే. కొంచెం కుడికి జరిపాను. ఇంకొంచెం. అర అంగుళం జరిగాక ఒక సన్నని స్వరం వచ్చింది. వణుకుతూ, సగం గాలి కలిసి, అయినా స్వరమే. వంటింట్లో మిక్సీ ఆగింది.

"ఎవరండీ వచ్చింది? కొత్తగా చేరారా?" అంది వర్ధని.

"నేనే" అన్నాను.

తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇంకోసారి ఊదాను. ఆవిడ అక్కడే నేలమీద కూర్చుని, కొత్త శిష్యుడి మొదటి పాఠం అయ్యేదాకా కదల్లేదు.

ముప్ఫై ఏళ్ళ సాధన పక్కన పెట్టి, సరళీ స్వరాల నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. మా క్లాసులోని పదేళ్ళ పిల్లలు నాకంటే బాగా ఊదేవారు. వాళ్ళు ఆ అవకాశం వదులుకోలేదు, "మాస్టారూ, గాలి ఎక్కువైంది" అని దిద్దేవారు. ఉగాదికి సరూర్‌నగర్‌లో ఒక కాలనీ హాల్లో అరగంట వాయించాను. చివర్లో పెదవి అలసిపోయి కీర్తనలో ఒక సంగతి జారింది. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే ఒక పెద్దాయన వచ్చి, "ఈసారి తొందరపడకుండా వాయించారు" అన్నాడు. తొందరపడే శక్తి లేదని ఆయనకి చెప్పలేదు.

ఇప్పుడు నాకు దాదాపు అంతా తగ్గింది. నవ్వినప్పుడు ఎడమ మూల కొంచెం ఆలస్యంగా లేస్తుంది. వేణువు ఆ అర అంగుళం కుడికే ఉండిపోయింది. ఇది ఎవరికైనా వస్తే చెప్పదలుచుకున్నది చిన్నదే: డాక్టరు దగ్గరికి ఆ రోజే వెళ్ళండి, మర్నాటికి వాయిదా వేయకండి. కన్ను కాపాడుకోండి. మాట వంకరగా వచ్చినా మాట్లాడటం మానకండి.

కిందటి నెల స్వప్న ఒక అమ్మాయిని మా ఇంటికి పంపింది. బ్యాంకులో పని చేస్తుందట. ముఖానికి చున్నీ చుట్టుకుని, కళ్ళు మాత్రం కనబడేలా వచ్చి కూర్చుంది. ముఖం ఇలా అయి నాలుగు వారాలైందట. పెళ్ళి రెండు నెలల్లో ఉందట. నేను ధైర్యం చెప్పడం మొదలుపెట్టేలోపే అడిగింది, "సార్, మీరు ఒక్కసారి నవ్వుతరా? చూడాలె."

ఆజ్ఞాపిస్తే నవ్వు రాదు. వర్ధని పక్కనుంచి, "కాఫీ పెట్టు అనండి" అంది. అంతే, నిజంగానే నవ్వొచ్చింది. ఆ అమ్మాయి ముందుకు వంగి, బ్యాంకులో సంతకం సరిచూసినట్టు నా ముఖం కుడీ ఎడమా చూసింది.

"జర వంకరనే ఉన్నది సార్" అంది.

"ఉంది" అన్నాను.

"గంతేనా?"

"అంతే."

ఆ అమ్మాయి చున్నీ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. తరువాత నవ్వింది. నా నవ్వు కంటే చాలా వంకరగా ఉంది ఆ నవ్వు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ నవ్వుతూనే ఉన్నాం.